పద్దెనిమిదో స్తంభం దాకా

పొద్దు వాలిందంటే మా అల్లుడు పెంచలప్రసాద్ కాలు ఒకచోట నిలవదు. కొట్టు తలుపు వేస్తాడు, తీస్తాడు, మళ్ళీ వేస్తాడు. చేతిలో ఏదో ఒక టార్చిలైటు ఉంటుంది. దాన్ని నీళ్ళ ట్యాంకు మీదికి కొడతాడు, సెల్ టవరు కొసకు కొడతాడు, అవతలి వీధి డాబా మీద ఆరేసిన చీరల మీదికి కొట్టి తిట్లు తింటాడు. నలభై రెండేళ్ళ మనిషి, ఇద్దరు బిడ్డల తండ్రి.

"కూచోరా, నువ్వు తిరగతా ఉంటే నాకు కళ్ళు తిరగతా ఉండాయి" అంటాను.

"చీకటి పడనీ అత్తా, కూచుంటా" అంటాడు. చీకటి పడ్డాక అసలు కూర్చోడు.

నాకు వాడు రెండు విధాల అల్లుడు. మా తమ్ముడు కామాక్షయ్య కొడుకు, నా కూతురు భానుప్రియ మొగుడు. పుట్టినప్పుడు వాడికి మొదటి నీళ్ళు పోసింది నేనే. కాబట్టి అల్లుడికి ఇచ్చే మర్యాదలు నా దగ్గర నడవవు. నా నోట్లోంచి వాడి గురించి ఒక మంచిమాట విన్నవాళ్ళు మా కోట ఊళ్ళో ఎవరూ లేరు. ఈ కాగితం మీద రాస్తున్నదే మొదటిది, అదీ వాడు చదవడనే ధైర్యంతో.

వాడి పని మోటారు వైండింగ్. చుట్టుపక్కల రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్ల మోటార్లు కాలిపోతే వాడి దగ్గరికే తెస్తారు. వాడు మోటారును విప్పడు ముందు. మూత దగ్గర ముక్కు పెడతాడు, కడ్డీని చేత్తో తిప్పి చెవి ఆనిస్తాడు. "కాయిలు బాగానే ఉండాది న్నా, బేరింగు పోయింది" అంటాడు. విప్పితే అదే. పదిహేనేళ్ళుగా అదే. రొయ్య గంటసేపు గాలి లేకపోతే చచ్చిపోతుంది, గుంట యజమానికి వాదించే తీరిక ఉండదు. పెంచలప్రసాద్ చెప్పాడంటే సరే అనుకుని ఆ సామాను కొనడానికి పరుగెత్తుతాడు. అంటే వాడి బతుకంతా నోటి మాట మీదే నడుస్తోంది. ఆ మాట ఒకసారి తప్పితే కొట్టు ఎందుకు, తలుపు ఎందుకు?

టార్చీల పిచ్చి పదేళ్ళ కిందట పట్టుకుంది. గుంట కాపలా మనిషి ఒకడు చెడిపోయిన పెద్ద టార్చి కొట్లో ఇచ్చి మళ్ళీ రాలేదు. ఏడాది చూసి వీడే విప్పాడు. తెగిన తీగ అతికించి వీధిలోకి వచ్చి నొక్కాడు. వెలుగు మా వీధి దాటి, మడికయ్యలు దాటి, అర మైలు అవతల ఉన్న రైసు మిల్లు పొగగొట్టం మీద వాలింది. రోజూ పగలు చూసే పొగగొట్టమే. వీడు మాత్రం దాన్ని అప్పుడే కట్టినట్టు చూస్తూ నిలబడిపోయాడు. భానుప్రియ మూడుసార్లు పిలిచింది. అన్నం చల్లారిపోయింది.

"ఏముంది రా ఆడ?" అన్నాను.

"ఏం లేదత్తా. ఆడికి పోయింది" అన్నాడు.

ఇట్లాంటి మనుషులు ఇంకా ఉంటారని నేను అనుకోలేదు. ఉన్నారు. నెల్లూరులో మందుల షాపు విజయభాస్కర్, బుచ్చిరెడ్డిపాలెంలో ఇద్దరు, వాకాడు దగ్గర రొయ్య పిల్లల హేచరీలో పనిచేసే జడ్సన్, ఇంకా కొందరు. వాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపు. అందులో టార్చీల బొమ్మలు, అంకెలు, వాదాలు. ఆ గ్రూపులో గుంటల యజమానులు కూడా ముప్పై మంది చేరారు, కాపలాకు మంచి టార్చి ఏదో తెలుసుకోవచ్చని.

అమావాస్యకు దగ్గరపడే శనివారం వీళ్ళంతా వాకాడు అవతల ఉప్పు కాలవ కట్ట మీద కలుస్తారు. మేము అమావాస్య నాడు కొత్త చీపురు కూడా కొనం, వీళ్ళు ఆ రోజు కోసం పంచాంగం చూస్తారు. కట్ట వెంట కరెంటు స్తంభాలు వరసగా ఉంటాయి. వీళ్ళ కొలత అదే. ఫలానా వాడి టార్చి పన్నెండు స్తంభాలు, ఫలానా వాడిది పదిహేను. ఒకరి టార్చి ఒకరు చేతికి తీసుకుని బరువు చూస్తారు, మర తిప్పుతారు, కళ్ళజోడు గుడ్డతో అద్దం తుడుస్తారు. పెళ్ళిచూపుల్లో కూడా మనవాళ్ళు ఇంత శ్రద్ధగా చూడరు.

టార్చి పట్టుకున్నవాడికి తన వెలుగు అవతల ఏం చేస్తోందో తెలియదట. సముద్రపు తేమలో వెలుగు తెల్లటి దూలంలా లేచి వాడి కళ్ళకే అడ్డం పడుతుంది. అందుకని అవతల మనుషులు నిలబడాలి. అక్కడ ఒక అట్ట, అట్ట పైన గురికోసం చిన్న ఎర్ర దీపం. రోజుకొకటి చించే క్యాలెండరు చీటీని కవర్లో పెట్టి అంటించి ఇస్తారు. అవతలి వాళ్ళు చీకట్లో కవరు చించి చీటీని అట్టకు తగిలిస్తారు. టార్చి వెలుగులో అంకె, వారం చదివి ఫోన్లో చెప్పాలి. ఒక్కో టార్చికి మూడు నిమిషాలు. చదివింది తప్ప ఇంకో మాట అనకూడదు. పైకెత్తు, పక్కకు జరుపు అనకూడదు. ఉస్సూరనకూడదు.

పోయిన వేసవిలో పెంచలప్రసాద్ సొంతంగా ఒక టార్చి చేశాడు. చేటంత అద్దం, గోరంత బల్బు, పాత లాప్‌టాపు సెల్లులు, నీళ్ళ పైపు ముక్క. అద్దాన్ని మర తిప్పినట్టు తిప్పి ముందుకూ వెనక్కూ జరపవచ్చు. గ్రూపులో రాశాడు: పద్దెనిమిదో స్తంభం దగ్గర క్యాలెండరు చదవొచ్చు అని.

జడ్సన్ బదులు రాశాడు. "కోట అన్నా, నాది విదేశం నుంచి తెప్పించిన టార్చి, దానికే పద్దెనిమిది కష్టం. పైపు ముక్కతో పద్దెనిమిదా? మోటార్లకు కూడా ఇట్టనే ముక్కు పెట్టి చెప్తావా?"

ఆ చివరి మాట ముప్పై మంది గుంటల వాళ్ళు చదివారు. నవ్వు బొమ్మలు పెట్టారు కొందరు. రెండు రోజుల తర్వాత ఒక యజమాని మోటారు తెచ్చి, వీడు బేరింగు అంటే, "ఎందుకైనా మంచిది, విప్పి చూపించు ప్రసాదూ" అన్నాడు. పదిహేనేళ్ళలో అట్లా అన్నవాడు లేడు. వీడు విప్పి చూపించాడు. బేరింగే. కానీ ఆ రాత్రి అన్నం కలిపి తినకుండా లేచాడు. లేచి గ్రూపులో రాశాడు: వచ్చే శనివారం చదవలేకపోతే, నేను చెప్పింది అబద్ధమని నా చేత్తో ఇక్కడే రాస్తాను.

ఆ వారం ఇంట్లో ఉండలేకపోయాం. వాడు నడుస్తాడు, వాడి వెంట భానుప్రియ నడుస్తుంది, నేను అరుగు మీద కూర్చుని ఇద్దరినీ తిడతాను. శుక్రవారం నాడు గుంటల వాళ్ళు ఇద్దరు కొట్టుకు వచ్చారు, ఆ టార్చి చూడాలని. వీడు కొట్లో సున్నపు గోడ మీదికి కొట్టాడు. గోడ మీద వెలుగు అంచు లేకుండా, చెదిరిన దోసె పిండిలా పడింది.

"ఇదా న్నా పద్దెనిమిది? మా ఆవిడ ఫోను లైటు నయం" అని వాళ్ళు నవ్వారు.

వీడి ముఖం మాడిపోయింది. అద్దం తిప్పాడు, ఇంకా తిప్పాడు. గోడ మీద వెలుగు కుదించుకుని, కత్తితో కోసినట్టు నాలుగు పలకల ముద్దగా నిలిచింది. "అదీ లైటంటే!" అన్నారు వాళ్ళు. అంతలో ఎక్కడో మోటారు కాలిందని ఫోను వచ్చింది. వీడు టార్చి సంచిలో పడేసి పరుగెత్తాడు. నేను అక్కడే స్టూలు మీద ఉన్నాను. చూశాను. ఏమీ తట్టలేదు.

శనివారం అవతల నిలబడేది ఎవరన్న పేచీ వచ్చింది. జడ్సన్ తన తల్లి కరుణాకుమారిని పెట్టమన్నాడు. రిటైరయిన టీచరమ్మ, అబద్ధం చెప్పదు. సరే, ఇటు నుంచి ఒకరు కావాలి. పెంచలప్రసాద్ నా పేరు చెప్పాడు. జడ్సన్ ఒప్పుకోడనుకున్నాను.

"శేషమ్మ గారైతే నాకు ఇష్టమే న్నా" అన్నాడట. "ఆమె అబద్ధం చెప్పినా మీకు ఎదురే చెప్తాది."

ఏడు గంటలకు కట్ట మీదికి చేరాం. గాలి ఉక్కగా, ఉప్పగా ఉంది. కరుణాకుమారి స్కూటీ తోలింది, నేను అట్ట పట్టుకుని వెనక కూర్చున్నాను. స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పోయాం. పద్దెనిమిదో స్తంభం పాత ఉప్పు గోదాము గోడ పక్కన ఉంది.

"శేషమ్మక్కా, అంకె ఒకటే కాదు, వారం కూడా చదవాల. వస్తాదా?" అంది దిగుతూ.

"మూడో క్లాసులో మానుకున్నా టీచరమ్మా. అయినా వారాలు ఏడే కదా, ఆ ఏడూ అప్పటికే చెప్పేసినారు."

"కన్ను?"

"పోయిన ఏడాదే ఆపరేషను అయింది. నీ కళ్ళద్దాలు తుడుచుకో ముందు, ఉప్పు పేరుకోని ఉండాది."

ఆమె తుడుచుకుంది. ఫోను ఆమె చేతిలో, అందరికీ వినపడేలా పెట్టి ఉంది. ఇద్దరం వెలుగుకు వీపు పెట్టి, అడ్డం రాకుండా చెరో పక్కకు జరిగి అట్టకు ఎదురుగా నిలబడ్డాం.

మొదట జడ్సన్. కవరు చించాం, చీటీ తగిలించాం. వెలుగు వచ్చి చీటీ మీద కూర్చుంది. మా నీడలు గోదాము గోడ మీద నిలువునా లేచాయి. "పధ్నాలుగు, ఆదివారం" అన్నాను. ఆమె కూడా అదే అంది. అవతల చప్పట్లు వినిపించాయి.

తర్వాత మావాడు. చీటీ మార్చాం. వెలుగు వచ్చింది. వచ్చిందంటే వచ్చింది. పలచటి మజ్జిగ ఒలికినట్టు కట్ట మీద, కాలవ మీద, గోదాము మీద అంతటా పరుచుకుంది. చీటీ తెల్లగా ఉందని తెలుస్తోంది, దాని మీద ఏముందో తెలియడం లేదు.

"చదవండమ్మా" అన్నాడు ఫోన్లో విజయభాస్కర్.

"కనపళ్ళేదు" అంది కరుణాకుమారి.

"శేషమ్మ గారూ?"

కళ్ళు చికిలించాను. మూడో, ఎనిమిదో. ఊహించి చెప్పొచ్చు. నేను ఊహించి చెప్పను. "కనపళ్ళేదు" అన్నాను.

అనగానే నాకు గోడ గుర్తొచ్చింది. ఆ సున్నపు గోడ, ఆ నాలుగు పలకల ముద్ద, వాళ్ళ నవ్వు. వీడే నాకు ఒకసారి చెప్పాడు, గోడ మీద బాగుండేటట్టు తిప్పితే దూరానికి పనికిరాదు, దూరానికి తిప్పితే గోడ మీద చెదురుతుంది అని. గోడకు తిప్పిన అద్దాన్ని అట్లాగే ఇక్కడికి తెచ్చాడు! ఆ అద్దాన్ని ఒక చుట్టు వెనక్కి తిప్పితే చాలు.

ఒక్క మాట. "ఒరే, గోడ" అంటే చాలు.

అంటే ఏమవుతుంది? అత్త చెప్పింది, అల్లుడు తిప్పాడు, కాబట్టి చెల్లదు. అనకపోతే ఏమవుతుంది? రేపు పొద్దున ముప్పై మంది చూస్తుండగా నేను అబద్ధాలకోరును అని వాడి చేత్తో వాడు రాస్తాడు. నాలుక పళ్ళ వెనక గిలగిల కొట్టుకుంది. చీర కొంగు మెలిపెట్టాను, విప్పాను, మెలిపెట్టాను. కాళ్ళు ఆగడం లేదు, అట్ట చుట్టూ తిరిగాను. పుట్టి అరవై తొమ్మిదేళ్ళయింది, అనాలనుకున్న మాట మింగింది ఎన్నడూ లేదు.

"ఒక నిమిషం అయింది" అన్నాడు విజయభాస్కర్.

"అత్తా" అన్నాడు పెంచలప్రసాద్.

నేను పలకలేదు.

"అత్తా, ఆడ ఉండావా?"

"ఆమె మాట్లాడగూడదు న్నా" అన్నాడు జడ్సన్.

కరుణాకుమారి నా వంక చూసింది. నేను రెండు చేతులతో నోరు మూసుకుని ఉన్నాను. "కక్కొస్తా ఉండాదా అక్కా?" అంది మెల్లగా. తల అడ్డంగా ఊపాను.

"రెండు నిమిషాలు."

వెలుగు టక్కున ఆరిపోయింది. చీకటి. కాలవలో చేప ఎగిరిన చప్పుడు. అయిపోయింది, వీడు ఓడిపోయానని ఆర్పేశాడు అనుకున్నాను.

మళ్ళీ వెలిగింది. ఈసారి పలచగా లేదు. అంచులు దగ్గరికొచ్చాయి, కాలవ చీకట్లోకి పోయింది, గోదాము చీకట్లోకి పోయింది, ఉన్న వెలుగంతా వచ్చి అట్ట మీద పడింది. నా చేతి మీది ముడతలు కూడా కనిపించాయి.

"ఇరవై ఏడు, బుధవారం!" అని అరిచాను. ఫోను అక్కర్లేదు, వాళ్ళకు గాల్లోనే వినపడి ఉంటుంది.

"ఇరవై ఏడు, బుధవారం" అంది కరుణాకుమారి. "పది సెకన్లు మిగిలుండాయి."

వెనక్కి వచ్చేసరికి అందరూ మావాడి చుట్టూ ఉన్నారు. వాడి చొక్కా తడిసిపోయింది. నవ్వుతున్నాడు.

"ఎట్ట తెలిసింది రా, అద్దం తిప్పాలని?" అన్నాను.

"నీ వల్లనే అత్తా."

"నేనేం చెప్పినా?"

"ఏం చెప్పలా, అదే కదా! తప్పు లైటుదైతే రూలుందని నువ్వు గమ్మున ఉంటావా? పైపు ముక్కనీ నన్నీ కలిపి తిట్టుంటావు. ఇంత గమ్మున ఉండావంటే తప్పు నాది, అది నీకు తెలుసు. నీకు తెలిసిన నా తప్పు ఏందబ్బా అని ఆలోచిస్తే, గోడ."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. జడ్సన్ కూడా నవ్వలేదు. వాడు మర్యాద గలవాడే, కానీ కింది పెదవి కొరుక్కున్నాడు. ఆ పెదవి నేను చూశాను. ఇంటికి పోయాక, రేపో ఎల్లుండో, ఆ పెదవి గ్రూపులో మాట అవుతుంది. ఆమె సైగ చేసింది, లేకపోతే తెలిసేదా అని. నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాడి మాట నిలబడితే దాని కాళ్ళ మీద అది నిలబడాలి. నా మౌనం ఊతకర్రయి నిలబడితే అది మాటే కాదు.

"ఇంకోసారి కొట్టాల" అన్నాను.

"అత్తా!" అన్నాడు పెంచలప్రసాద్.

"నేను ఈడే ఉంటా. టీచరమ్మ ఒకతే ఆడికి పోతాది. తోడుకు విజయభాస్కరు పోనీ. ఫోను జడ్సన్ చేతిలో ఉండాల."

"రూల్సు ప్రకారం అయిపోయిందమ్మా" అన్నాడు విజయభాస్కర్. "మాట్లాడితే తప్పని రాసుకున్నాం. మాట్లాడకపోతే తప్పని రాసుకోలేదు."

"మీరు రాసుకోకపోతే నేను రాసుకున్నా. పదండి."

పెంచలప్రసాద్ నన్ను పక్కకు లాగాడు. గొంతు తగ్గించాడు. "సెల్లులు ఒక సెట్టే ఉండాయత్తా. సగం పైన అయిపోయింటాయి. ఈసారి అంత వెలుగు రాకపోవచ్చు. గెలిచినాక ఎందుకు నీకు?"

"గెలిచినావా? ఆ పిల్లోడి మొహం చూసి చెప్పు, గెలిచినావా?"

వాడు జడ్సన్ ముఖం చూశాడు. తర్వాత, "టీచరమ్మా, ఇంకో కవరు తీసుకోని పోండి" అన్నాడు.

స్కూటీ ఎర్ర దీపం చిన్నదవుతూ పోయింది. నేను కట్ట మీద ఒక బండ మీద కూర్చున్నాను, లేచాను. మగవాళ్ళ మధ్యలోంచి అటు నడిచాను, ఇటు నడిచాను. ఎవరో "కూచోండమ్మా" అన్నారు. "నువ్వు కూచో" అన్నాను.

జడ్సన్ గడియారం చూశాడు. "కొట్టు న్నా."

ఈవైపు నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. వాడు చెప్పింది నిజమే, ఏమీ తెలియదు. తెల్లటి దూలం లేచి చీకట్లోకి పోయింది, ఎక్కడ ఆగిందో కనపడలేదు. ఇందాకటి కంటే తక్కువగానే అనిపించింది. రొయ్యల గుంట పురుగులు దాంట్లో దుమ్ములా మెరిశాయి. పెంచలప్రసాద్ రెండు చేతులతో టార్చిని పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎర్ర చుక్క మీదే కళ్ళు పెట్టాడు.

ఒక నిమిషం. ఫోన్లో గాలి రొద తప్ప ఏమీ లేదు.

"మమ్మీ?" అన్నాడు జడ్సన్.

"ఉండు. అంకె తెలస్తా ఉండాది. వారం..." ఆమె గొంతు ఆగింది. "సన్నగా ఉండాది అక్షరం."

వెలుగు కొంచెం పసుపుకు తిరిగింది. నాకు కూడా తెలిసింది, సెల్లులు దిగిపోతున్నాయి. రెండు నిమిషాలు అన్నాడు జడ్సన్. మావాడు ఓడిపోవాలని ఆ పిల్లవాడు కోరుకుంటున్నాడో, లేదో, నాకు తెలియలేదు. బహుశా వాడికీ తెలియదు.

"తొమ్మిది" అంది కరుణాకుమారి. "తొమ్మిది, శుక్రవారం. అవును, శుక్రవారం. రెండుసార్లు చూసినా."

విజయభాస్కర్ కూడా అదే చదివాడు.

జడ్సన్ ఫోను కట్ చేసి గ్రూపు తెరిచాడు. తర్వాత అందరి ముందూ అందులో వేళ్ళతో రాశాడు. చుట్టూ ఉన్నవాళ్ళ జేబుల్లో ఫోన్లు ఒక్కసారిగా మోగాయి. ఒకాయన పైకి చదివాడు: "కోట అన్న చెప్పింది నిజం. పద్దెనిమిదో స్తంభం. చదివింది మా అమ్మ. మోటార్ల గురించి నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను."

నాకు అప్పటికి కాళ్ళు నొప్పి పుట్టాయని తెలిసింది. బండ మీద కూర్చున్నాను.

"చూడరా, రాసినాడు" అన్నాను.

పెంచలప్రసాద్ ఫోను తీయనే లేదు. మోకాళ్ళ మీద కూర్చుని పైపు ముక్క మూత విప్పుతున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చూస్తాలే అత్తా. ఈ మూడో సెల్లు మాత్రం ఇంత కాలిపోతా ఉండాదేంది? కొంచెం నీ ఫోను లైటు ఇటు పట్టు."